మెడ పట్టేసింది, పన్నెండు సిట్టింగులంటున్నారు, వెళ్లాలా వద్దా?

ఈ నెల మన పేజీకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం మెడ గోలే. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, అటు మల్కన్‌గిరి వైపున్న మోటు అనే ఊరి నుంచి కూడా రాశారు. అందరికీ విడివిడిగా జవాబు రాయాలంటే పత్రిక మొత్తం నాకే రాసిచ్చేయాలి, అందుకని ఐదు ఉత్తరాలు తీశాను, మిగతావాళ్లు మీ జవాబు ఇందులోనే ఎక్కడో ఉంటుంది, వెతుక్కోండి.

ప్రశ్న: నమస్తే మేడం గారూ. నాకు 42 ఏళ్లు, పర్లాకిమిడిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఐదు నెలలుగా మెడ కుడివైపు పట్టేసి భుజం దాకా లాగుతోంది, సాయంత్రం అయ్యేసరికి తలనొప్పి కూడా. ఎక్స్‌రే తీసి స్పాండిలైటిస్ అన్నారు, మాత్రలూ కాలరూ ఇచ్చారు, మాత్ర వేసుకున్నంతసేపే బాగుంటోంది. ఒక ఫిజియోథెరపీ సెంటర్లో చూపిస్తే చేత్తో మెడ సరిచేస్తాం, ఎక్సర్‌సైజులు నేర్పుతాం, వరసగా పన్నెండు సిట్టింగులు రావాలి, ఒక్కోటి మూడొందల యాభై అన్నారు. అంటే నాలుగువేల రెండొందలు. మా ఆయన ఎక్సర్‌సైజులు యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా అంటారు. మా ఆడపడుచు పాతపట్నం దగ్గర ఒకాయన పట్టు వేస్తే రెండ్రోజుల్లో పోతుందంటోంది. మాత్రలిచ్చిన డాక్టర్ గారేమో మెడ ఎవరి చేతిలోనూ పెట్టొద్దన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ముందే ఒక మాట చెప్పేస్తాను, నేనూ ఫిజియోథెరపిస్టునే, జనాల మెడలు పట్టుకునే ఇల్లు నడుపుకుంటున్నదాన్ని, కాబట్టి "వెళ్లమ్మా" అని నేనంటే వంకాయలమ్మేది మా వంకాయలు లేతవి అన్నట్టే ఉంటుంది. ఆ లెక్క తీసేసి చదువుకోండి. నేననేది ఏంటంటే, వెళ్లండి, కానీ పన్నెండు సిట్టింగులకి ఒప్పుకుని కాదు, ఆరుసార్లకి, అదీ రోజూ కాదు వారానికొకసారి, అదీ ఇంటిదగ్గర ఎక్సర్‌సైజు మానకుండా చేస్తానని మీకు మీరు గట్టిగా అనుకున్నాకే. ఎందుకలా అంటున్నానో కాస్త పొడుగ్గా చెప్తాను, మిషన్ పక్కన పెట్టి టీ పెట్టుకుని చదవండి.

మీ ఆయన మాట ముందు చూద్దాం. ఆయనన్న దాంట్లో సగం నిజం ఉంది (ఈ ముక్క ఒక్కటీ చదివి వినిపించకండి, మిగతా సగం వినరు). 2012లో అమెరికాలో 272 మంది మెడనొప్పి వాళ్లని మూడు గుంపులు చేసి చూశారు, ఒక గుంపుకి మందులు, ఒక గుంపుకి పన్నెండు వారాలపాటు చేత్తో మెడ సరిచేసే వైద్యం, మూడో గుంపుని మాత్రం గంట చొప్పున రెండే రెండుసార్లు కూర్చోబెట్టి ఎక్సర్‌సైజులు నేర్పి, జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపేశారు. తీరా చూస్తే చేతివైద్యం మందుల కన్నా బాగా పనిచేసింది, కానీ ఆ రెండు గంటలూ నేర్చుకెళ్లి ఇంట్లో చేసుకున్నవాళ్లు కూడా ఇంచుమించు అంతే బాగుపడ్డారు. మా వృత్తివాళ్లెవరూ దీన్ని ఫ్రేము కట్టి క్లినిక్ గోడకి తగిలించుకోరనుకోండి. అయితే తేడాలున్నాయి, వాళ్ల నొప్పి రెండు వారాల నుంచి పన్నెండు వారాల లోపుది, మీది ఐదు నెలలు ముదిరింది. పైగా వాళ్లకి ఎదురుగా మనిషి కూర్చుని, మెడ పట్టుకు చూసి, తప్పు చేస్తుంటే సరిదిద్ది నేర్పారు. యూట్యూబ్‌లో అబ్బాయి మీ మెడని చూడడు, మీ కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోందా అని అడగడు, మీరు గడ్డం లోపలికి లాగమంటే తల మొత్తం కిందకి వంచేస్తుంటే ఆయనకి తెలీదు. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది మొదటిసారి అలాగే వంచుతారు.

ఇక చేతివైద్యం. ఈ మాట కింద మూడు వేరు వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి, అక్కడే తికమకంతా. ఒకటి మర్దనా, కండ పట్టు వదిలేలా నొక్కడం, పిసకడం. రెండోది మొబిలైజేషన్ అంటారు, మెడ కీళ్లని వేళ్లతో నెమ్మదిగా, మళ్లీ మళ్లీ కదపడం, మీరు వద్దంటే ఆ క్షణంలో ఆపేయొచ్చు. మూడోది మానిప్యులేషన్, ఒక్క ఊపుతో టక్కుమనిపించడం, అది మొదలయ్యాక వద్దనడానికి టైముండదు. మీ డాక్టర్ గారి భయం ఈ మూడోదాని గురించే అనుకుంటున్నాను, ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు, కింద గుణుపురం తమ్ముడి జవాబులో చెప్తాను. అలాగని మొదటి రెండిటినీ అదే గాటన కట్టేస్తే అన్యాయం.

అసలు మెడకా ఊపు అవసరమా అంటే, 2002లో నెదర్లాండ్స్‌లో చేసినదాంట్లో అది లేనే లేదు, నెమ్మదిగా కదిపే పద్ధతే. 183 మంది, వారానికొకసారి చొప్పున ఆరు వారాలు. ఏడు వారాలయ్యాక చూస్తే చేతివైద్యం చేయించుకున్నవాళ్లలో నూటికి 68 మంది బాగుపడ్డామన్నారు, ఎక్కువగా ఎక్సర్‌సైజుల మీద నడిచిన ఫిజియోథెరపీలో 51, మామూలు డాక్టర్ దగ్గర మాత్రలు, సలహాలు తీసుకున్నవాళ్లలో 36. చూశారా, ఎంత తేడానో! కానీ ఏడాది తిరిగేసరికి ఆ తేడా బాగా తగ్గిపోయింది, మిగతావాళ్లు కూడా మెల్లగా దగ్గరికి వచ్చేశారు. అంటే చెయ్యి పడితే త్వరగా తేలికవుతుంది, ఆ తేలిక్కి మీరు డబ్బు పెడుతున్నారు. జాకెట్లు కుట్టి సంపాదించుకునేవాళ్లకి రెండు నెలలు ముందు నెమ్మదించడం అంటే చిన్న విషయం కాదు, దసరా సీజన్ ముందైతే మరీను. అది మీరు వేసుకోవాల్సిన లెక్క, నేను వేసేది కాదు.

చేత్తో చేసినప్పుడు లోపల ఏమవుతుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే "ఎముక జరిగింది, సెట్ చేశా" అనేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. ఎముక జరగలేదమ్మా. నిజంగా జరిగితే మీరు మిషన్ ముందు కాదు, ఆసుపత్రి మంచం మీద ఉండేవారు. ఆ టక్ శబ్దం కూడా ఎముక చోటుకి వెళ్లినది కాదు, కీలు మధ్య ఉండే జిగురు నీటిలో గాలి బుడగ ఏర్పడే చప్పుడు, వేళ్ల మెటికలు విరిచినప్పుడు వస్తుంది చూడండి, అదే. చెయ్యి పడితే నిజంగా జరిగేది ఏంటంటే బిగుసుకున్న కండ వదులవుతుంది, నొప్పి కబురు మోసే నరాలు కాసేపు శాంతిస్తాయి, భయం తగ్గి మెడ తిరుగుతుంది. కొన్ని గంటలు, కొన్ని రోజులు. ఆ తర్వాత మళ్లీ మీ మెడ, మీ మిషన్. ఆ తేలికగా ఉన్న రోజుల్లో కండకి బలం పెంచుకోకపోతే చేయించుకున్నదంతా మూడునాళ్ల ముచ్చటే. పాతపట్నం ఆయన పట్టు కూడా ఇంతే, భుజాల మీద నూనె రాసి మర్దనా చేస్తే హాయిగానే ఉంటుంది, చేయించుకోండి, మెడ పట్టుకుని తిప్పబోతే మాత్రం లేచి వచ్చేయండి, మొహమాటపడకండి.

బలం అన్నాను కదా, సాగదీయడం వేరు, బలం వేరు. 2003లో ఫిన్లాండ్‌లో 180 మంది ఆడవాళ్లు, ఆఫీసుల్లో కూర్చుని పనిచేసేవాళ్లు, ఎప్పటినుంచో మెడనొప్పి, అంటే అచ్చం మీలాంటివాళ్లే, వాళ్లలో కొందరికి రబ్బరు బ్యాండుతో, డంబెల్స్‌తో మెడకీ భుజాలకీ బలం వచ్చే ఎక్సర్‌సైజులు ఇచ్చారు, వారానికి మూడుసార్లు, ఏడాదిపాటు. మరికొందరికి నడక లాంటి వ్యాయామం, మెడ సాగదీసుకోవడం మాత్రమే చెప్పారు. ఏడాదయ్యాక బలం పెంచుకున్నవాళ్ల నొప్పి సాగదీసుకున్నవాళ్ల కన్నా చాలా ఎక్కువ తగ్గింది. మన దగ్గర ఎక్సర్‌సైజు అంటే మెడ అటు తిప్పు, ఇటు తిప్పు, గుండ్రంగా తిప్పు, ఇంతే అనుకుంటారు. అది తప్పని కాదు, చాలదు.

మరి ఏం చెయ్యాలి? వెల్లకిలా పడుకుని, తల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని, డబుల్ గడ్డం వచ్చేలా గడ్డాన్ని మెల్లగా లోపలికి లాగండి, తల లేవకూడదు, పది లెక్కపెట్టి వదలండి, పదిసార్లు. కూర్చుని అరచెయ్యి నుదుటికి ఆనించి, చేత్తో వెనక్కీ తలతో ముందుకీ నెట్టండి, తల కదలకూడదు, అలాగే రెండు పక్కలా, వెనకా. పాత సైకిల్ ట్యూబు ఒకటి నిలువుగా కోసి కిటికీ ఊచకి కట్టండి, రెండు చేతులా పట్టుకుని మోచేతులు వెనక్కి లాగుతూ జబ్బ రెక్కలు రెండూ దగ్గరికి తేవాలి, పదేసి చొప్పున మూడు విడతలు. లీటరు నీళ్ల బాటిళ్లు రెండు పట్టుకుని భుజాలు చెవుల వైపు ఎత్తి దించండి, లీటరు నీళ్లంటే కిలో బరువు కదా, డంబెల్ కొనక్కర్లేదు. మొదటి రెండు వారాలూ మెడ కాస్త పీకుతుంది, అది మామూలే, మర్నాటి పొద్దుటికల్లా సర్దుకుంటే కొనసాగించండి, సర్దుకోకపోతే సగానికి తగ్గించండి, మానేయొద్దు. నొప్పి చేతిలోకి దిగుతుంటే మాత్రం ఆపి చూపించుకోండి.

ఇప్పుడు ఆ సెంటర్‌కి వెళ్లే ముందు ఒక కాయితం మీద మూడు సంగతులు రాసుకోండి. కుడివైపు తల తిప్పితే ఏం కనిపిస్తోంది, కిటికీ అంచా, మొత్తం కిటికీనా. ఎన్ని జాకెట్లు కుట్టేసరికి నొప్పి మొదలవుతోంది. రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. మూడుసార్లు వెళ్లాక ఆ కాయితం తీసి చూడండి, ఒక్కటైనా మారిందా? మారకపోతే వాళ్లకి చెప్పండి, పద్ధతి మార్చాల్సింది వాళ్లు. ఆరు వారాలయ్యాక కూడా అక్కడే ఉంటే డబ్బు దండగ, ఆపేసి మళ్లీ డాక్టర్ గారికి చూపించండి. వెళ్లిన ప్రతిసారీ హాట్ ప్యాక్ వేసి, కరెంటు పెట్టి, పావుగంట ఫ్యాను కింద పడుకోబెట్టి పంపేస్తున్నారు, ఎవరూ ఎక్సర్‌సైజు చేయించట్లేదు అంటే, అది మీకు కావలసిన చోటు కాదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్లేనా అని కూడా అడగండి, అడిగితే తప్పేం లేదు, నన్నూ అడుగుతారు.

ఎక్స్‌రే గురించి భయపడుతున్నట్టున్నారు. స్పాండిలైటిస్ అని మనం వాడేస్తున్నాం గానీ చాలామందికి ఉండేది స్పాండిలోసిస్, అంటే వయసుకి వచ్చే అరుగుదల, జుట్టు నెరిసినట్టు. 2015లో జపాన్‌లో మెడనొప్పి లేని 1211 మందికి ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందికి డిస్కు, అంటే ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది, ఉబ్బి ఉంది, ఇరవైల్లో ఉన్న పిల్లల్లో కూడా డెబ్బై శాతం దాటి. కాబట్టి కాయితం మీద రాసింది చూసి మెడ పాడైపోయిందనుకోకండి. కాలర్ కూడా తీసేయండి, బస్సులో కుదుపులుంటే కాసేపు పెట్టుకోండి, రోజంతా పెట్టుకుంటే మెడ కండలకి పనిలేక ఇంకా నీరసపడతాయి.

ఒకటి మర్చిపోయాను, మిషన్. స్టూలు మీద కూర్చుని మెడ వంచి సూది దగ్గరికి ముఖం తీసుకెళ్లే అలవాటుంటే ముందు కళ్లు చూపించుకోండి, నలభై దాటాక చత్వారం వచ్చి మెడ వంగిపోయేవాళ్లని చాలామందిని చూశాను, అద్దాలతో సగం నొప్పి పోయింది. సూది దగ్గర చిన్న లైటు పెట్టుకోండి. బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడండి, గడియారం చూసుకోమంటే చూసుకోరు, బాబిన్ అయితే తనే గుర్తు చేస్తుంది. కాజాలు, హెమ్మింగు ఒళ్లో పెట్టుకుని కాకుండా ఒళ్లో రెండు దిండ్లు పెట్టి దానిమీద పెట్టుకుని కుట్టండి.

ప్రశ్న: అక్కా, నేను గుణుపురంలో ఆటో నడుపుతాను, 29 ఏళ్లు. కటింగ్ చేయించుకున్నాక సెలూన్‌లో మెడ అటూ ఇటూ తిప్పి టక్కుమనిపిస్తారు కదా, చాలా రిలీఫ్‌గా ఉంటుంది, మూడేళ్లుగా నెలకోసారి అలవాటు. మొన్న చేసినప్పుడు ఓ నిమిషం కళ్లు తిరిగినట్టయింది. ఏమైనా ప్రమాదమా?

జవాబు: తమ్ముడూ, ఇక మానెయ్. బతిమాలుతున్నాననుకో.

మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల్లో ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి పైకి వెళ్తాయి, సూదిలోంచి దారం ఎక్కించినట్టు. పుర్రె దగ్గరికి వచ్చేసరికి అక్కడ బాగా మెలి తిరిగి లోపలికి దూరతాయి. తలని ఒక్కసారి విసురుగా తిప్పితే ఆ మెలిక దగ్గర ధమని లోపలి పొర చిరిగే అవకాశం ఉంది, చిరిగిన చోట రక్తం గడ్డకట్టి పైకి కొట్టుకుపోతే పక్షవాతం. ఇది అరుదు, చాలా అరుదు, నిజమే. ఇంకో సంగతి కూడా చెప్పాలి, కొందరికి ఆ ధమని అప్పటికే చిరిగి ఉండి ఆ నొప్పితోనే మెడ సరిచేయించుకోవడానికి వెళ్తారు, అప్పుడు తప్పు తిప్పినవాడిదా ముందునుంచే ఉన్నదా అని తేల్చడం కష్టం. ఏదైనా ముందు అడిగి, చూసి, మెడ తిప్పకూడని మనిషిని పక్కన పెట్టే చదువు సెలూన్ అన్నయ్యకి ఎక్కడిది చెప్పు, ఆయన చేతిలో కత్తెర బాగుంటుంది, అంతే. మెడ తిప్పడమే కాదు, వెనక్కి ఎక్కువసేపు వంచినా ఇబ్బందే, తల స్నానం చేయించుకుంటూ సింకు అంచు మీద మెడ వాల్చినవాళ్లకి స్ట్రోకు వచ్చిన ఐదు కేసులు 1993లోనే ఒక అమెరికన్ డాక్టరు రాశాడు, 2022లో హైదరాబాద్‌లో కూడా అలాంటిదే ఒకటి వార్తల్లో వచ్చింది.

నీకు కళ్లు తిరగడం నిమిషంలో తగ్గింది కాబట్టి కంగారు పడకు, కానీ ఒకసారి డాక్టర్‌కి చూపించుకో. ఎప్పుడైనా, మెడ తిప్పినా తిప్పకపోయినా, ఎన్నడూ లేనంత నొప్పి మెడలోనో తల వెనకో ఒక్కసారిగా మొదలై, దాంతోపాటు తూలడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం, మింగుడు పడకపోవడం, ముఖం ఒకపక్క మొద్దుబారడం ఉంటే సెలూనూ వద్దు ఫిజియో వద్దు, ఆటో ఎక్కి సరాసరి ఆసుపత్రికే, వేరేవాళ్లని నడపమను.

రిలీఫ్ కావాలంటే ఆటో ఆపినప్పుడల్లా స్టీరింగ్ వదిలి దిగి, భుజాలు వెనక్కి పదిసార్లు తిప్పు, పైన చెప్పిన అరచెయ్యి ఆనించి నెట్టే ఎక్సర్‌సైజు సీట్లో కూర్చునే చెయ్యొచ్చు. టక్ మనదు, అదొక్కటే లోటు.

ప్రశ్న: మేడం, మాది రాయగడ దగ్గర పల్లె. నాన్నకి 67 ఏళ్లు, వ్యవసాయం. ఏడాదిగా మెడనొప్పి, పెద్దగా పట్టించుకోలేదు. ఈ మధ్య చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు, చేతిలో గ్లాసు జారిపోతోంది, నడిస్తే తూలుతున్నాడు, చెప్పు కాలినుంచి జారిపోయినా తెలీట్లేదు. నొప్పి మాత్రం కొంచెమే. ఫిజియో దగ్గర మెడ మసాజ్, ట్రాక్షన్ (బరువుతో మెడని లాగిపెట్టడం) పెట్టిస్తే బాగవుతుందా?

జవాబు: వద్దు బాబూ. ఇది మా దగ్గరికి తేవాల్సిన మెడ కాదు. మర్దనా వద్దు, ట్రాక్షన్ వద్దు, ఊళ్లో ఎవరైనా పట్టు వేస్తానంటే దణ్ణం పెట్టి పంపేయ్. మీరు రాసిన నాలుగు లక్షణాలూ మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందేమో అనిపిస్తున్నాయి, నొప్పి తక్కువే కదా అని ఇంట్లోవాళ్లు నెలల తరబడి వదిలేసేది ఇదే. నాన్నగారిని పది సెకన్లలో గుప్పిట ఎన్నిసార్లు మూసి పూర్తిగా తెరవగలరో చూడమనండి, మామూలుగా ఇరవైసార్లు రావాలి. తక్కువొచ్చినా, ఇరవై సరిగ్గా వచ్చినా, ఈ వారమే న్యూరోసర్జన్‌కి చూపించండి, మెడ ఎమ్మారై అడుగుతారు. రాయగడ నుంచి వైజాగ్‌కి రైళ్లున్నాయి, అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ ఉంది. ఆయుష్మాన్ కార్డు 2025 నుంచి ఒడిశాలో కూడా ఇస్తున్నారు, అడ్మిట్ చేసుకుంటే అది పనికొస్తుంది కాబట్టి వెంట పెట్టుకెళ్లండి. ఒంటికి రెంటికి పట్టు తప్పితే వారం కూడా ఆగకండి, ఆ రోజే వెళ్లిపోండి. నలిగినది ఎంత తొందరగా విడిపిస్తే అంత మిగులుతుంది, పోయిన పట్టు మొత్తం తిరిగి వస్తుందని చెప్పలేరు.

ఇదే వరసలో ఇంకొందరున్నారు, చేతివైద్యానికి ముందు డాక్టర్ చూడాల్సినవాళ్లు: జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నవాళ్లు (మన దగ్గర వెన్నెముకకి టీబీ తక్కువేం కాదు), ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లు, కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లు, బండి మీంచో చెట్టు మీంచో పడ్డాక నొప్పి మొదలైనవాళ్లు. మెడతోపాటు ఎడమ చెయ్యి లాగి, ఛాతీ బిగిసి, చెమటలు పడితే అది మెడ కాదు, గుండె అనుకునే పరిగెత్తాలి.

ప్రశ్న: మేడం గారూ, మేము మోటులో ఉంటాం. ఫిజియో కావాలంటే బస్సెక్కి ఒక రోజంతా పోతుంది. వారానికొకసారి వెళ్లడం కుదరదు. మామూలు మెడనొప్పే, చేతుల్లోకి రాదు, డాక్టర్ చూసి భయం లేదన్నారు. ఏం చేయాలి?

జవాబు: రెండుసార్లు వెళ్లండి చాలు. పైన చెప్పిన అమెరికా వాళ్లు కూడా రెండుసార్లే నేర్చుకున్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు "నాకు కరెంటు వద్దు, చేత్తో కాసేపు చేసి మిగతా టైమంతా ఎక్సర్‌సైజులు నేర్పండి" అని ముందే అడిగేయండి, మీ ఫోన్లో మీరు చేస్తుండగా వీడియో తీయించుకోండి, వాళ్లు చేసేది కాదు మీరు చేసేది. మూడు వారాలు చేసుకుని రెండోసారి వెళ్లి, సరిగ్గా చేస్తున్నానా, ఇంకా కష్టమైనవి ఇస్తారా అని అడగండి. సంతకో పెళ్లికో వెళ్లే రోజు చూసుకుని పెట్టుకుంటే బస్సు ఛార్జీ కలిసొస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం, పెళ్లయి బరంపురం వచ్చి నాలుగు నెలలైంది. ఇంటినుంచే ల్యాప్‌టాప్ మీద పని, మంచం మీదే కూర్చుంటాను, మెడా తలా రెండూ నొప్పి. ఇక్కడ ఫిజియో దగ్గరికి వెళ్దామంటే వాళ్లకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు, హిందీ అంతంత మాత్రం. మా అత్తగారు ఫోన్లో వాళ్ల అక్కతో నా గురించి ఏదో "ముండ" అంటుంటే విన్నాను, అప్పటినుంచి మనసు కూడా బాలేదు.

జవాబు: అయ్యో తల్లీ, నవ్వాపుకోలేకపోతున్నాను, క్షమించు. ఒడియాలో ముండ అంటే తల! "ముండ బిందుచి" అంటే తల నొప్పెడుతోందని. మీ అత్తగారు నీ తలనొప్పి గురించే బెంగపడి చెప్పుంటారు. ఈ బోర్డర్లో కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు కోడలికీ ఒకసారి తప్పని గండం ఇది.

ఫిజియో దగ్గర పనికొచ్చేవి ఇంకో రెండు నేర్చుకో. మెడని బేక అంటారు, "బేక బిందుచి" అంటే మెడ నొప్పి. కళ్లు తిరుగుతుంటే "ముండ బులౌచి" అనాలి. ఈ మూడోది ఉంటే తప్పకుండా చెప్పాలి, మెడ మీద చెయ్యి వేసేముందే. మీ ఆయన్నో అత్తగారినో మొదటిరోజు వెంట తీసుకెళ్లు, చెయ్యి తిమ్మిరి, పట్టు తప్పడం లాంటివి అడిగితే వాళ్లు చెప్తారు.

కానీ నీకు ఫిజియో కన్నా ముందు కావలసింది బల్ల, కుర్చీ. తల నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది, మంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే ఆ బరువంతా ముందుకి వేలాడుతూ మెడ వెనక కండలే పట్టుకుని కూర్చోవాలి, ఎనిమిది గంటలు. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి తెర కళ్లకి ఎదురుగా వచ్చేలా చేసి, విడిగా కీబోర్డు ఒకటి కొనుక్కో. మూడు వారాలు అలా చేసి, పైన చెప్పిన సైకిల్ ట్యూబు ఎక్సర్‌సైజు కూడా చేసి చూడు, అప్పటికీ తగ్గకపోతే సిట్టింగుల సంగతి ఆలోచిద్దాం. ఈలోపు మీ అత్తగారు మెడకి నూనె రాస్తానంటే రాయించుకో, వద్దనకు.